అట్ట మీది మనిషి

సమాజంలోని గాయాలను పత్రికలు ముఖచిత్రాలుగా వేస్తాయి. గాయపడ్డ మనిషిని అప్పుడు ఎలా చూశాయన్న దాంట్లోనే ఆ పత్రికల విలువలు బయటపడతాయి.

1994 జూన్ చివరి వారంలో అమెరికాలో పత్రికలమ్మే ఏ దుకాణం ముందు నిలబడ్డా రెండు వారపత్రికలు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి టైమ్, రెండోది న్యూస్‌వీక్. రెండింటి మీదా ఒకే ముఖం, ఒకే ఫొటో. మాజీ భార్యనూ ఆమె స్నేహితుణ్నీ హత్య చేశాడన్న ఆరోపణపై అరెస్టయిన ఫుట్‌బాల్ తార ఓ.జె. సింప్సన్‌ను లాస్ ఏంజెలెస్ పోలీసులు తీసిన ఫొటో అది. న్యూస్‌వీక్ దాన్ని ఉన్నదున్నట్టు వేసింది. టైమ్ అట్ట మీద మాత్రం అదే ముఖం ఇంకా నల్లబడింది. అంచుల్లో చీకటి కమ్మింది. ఖైదీ నంబరు చిన్నదైపోయింది.

రెండూ పక్కపక్కన లేకపోతే ఆ తేడా చాలామందికి తెలిసేది కాదు. టైమ్ కోసం ఫొటోను మార్చినవారు మ్యాట్ మహురిన్ అనే చిత్రకారుడు. జాతి వివక్ష తమ ఉద్దేశం కాదని సంపాదకుడు జేమ్స్ గెయిన్స్ పాఠకులకు వివరణ ఇచ్చారు. ఉద్దేశం లేకపోవచ్చు. కానీ విచారణ కూడా మొదలుకాని నల్లజాతి మనిషి చుట్టూ భయం పుట్టించడానికి అతని చర్మాన్ని మరింత నల్లగా చేస్తే చాలన్న ఊహ ఎక్కడిది? అచ్చుకు వెళ్లేలోపు ఆ అట్టను ఎంతమంది చూసి ఉంటారు? ఒక్కరైనా ఆపలేదు. ఆ వారం టైమ్ అట్ట మీద కనిపించింది సింప్సన్ ముఖమే. తెలిసిపోయింది మాత్రం పత్రిక లోపలి మనసు.

వారపత్రిక అట్ట వ్యాపారం కూడా. బస్టాండు పుస్తకాల కొట్లో తీగకు వేలాడే పది పత్రికల్లో ప్రయాణికుడి చెయ్యి ఏదో ఒకదాని మీదికే వెళ్తుంది. అదీ బస్సు కదిలేలోపే. అందుకే సంపాదకుడు, ఆర్ట్ విభాగం, సర్క్యులేషన్ మేనేజరు, ప్రకటనల మేనేజరు నలుగురూ నాలుగు వైపుల నుంచి లాగే పేజీ అది. లోపలి వ్యాసంలో వంద మాటలతో సర్దుకోగలిగిన విషయం అట్ట మీద ఒక్క చూపులో తేలిపోవాలి. పత్రిక ఏ సమస్యను అట్టకెక్కించిందో చూడటం తేలిక. అత్యాచారాలు, యుద్ధం, కులం, కరువు, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కుతాయి. అంతకంటే కష్టమైన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అట్ట మీద నిలబెట్టిన మనిషిని అడిగారా? పేరు చెప్పారా? ఆ మనిషి బాధను దేనికి వాడుకున్నారు? లోపలి పేజీలు ఆ అట్టకు తగినట్టు ఉన్నాయా?

ఆరు బాణాలు

ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు వెతకాలంటే 1960ల నాటి ఎస్క్వైర్ మాసపత్రిక దగ్గరికి వెళ్లాలి. మగవాళ్ల ఫ్యాషన్ పత్రికగా పేరున్న ఎస్క్వైర్‌కు అప్పటి సంపాదకుడు హెరాల్డ్ హేస్. అట్టలు చేసింది మాత్రం పత్రిక ఉద్యోగి కాదు. జార్జ్ లోయిస్ అనే అడ్వర్టయిజింగ్ మనిషి. వచ్చే నెల సంచికలో ఏమేం ఉంటాయో హేస్ చెప్పేవారు, లోయిస్ అట్ట తయారుచేసి పంపేవారు. మధ్యలో కమిటీలు లేవు. 1962 నుంచి పదేళ్లలో ఆయన తొంభైకి పైగా అట్టలు చేశారు. 2008లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వాటిని గోడకెక్కించి ప్రదర్శించింది.

1963 డిసెంబరు సంచిక కోసం లోయిస్ హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ సోనీ లిస్టన్ తలకు శాంతాక్లాజ్ టోపీ పెట్టారు. లిస్టన్ జైలుకు వెళ్లొచ్చినవాడు, నవ్వని మనిషి, నల్లజాతివాడు. ఆ ఏడాదే సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో చర్చి మీద బాంబు దాడి జరిగి నలుగురు నల్లజాతి బాలికలు చనిపోయారు. అలాంటి ఏడాది క్రిస్మస్‌కు అమెరికా ఇళ్లలోకి లిస్టన్ ముఖం వెళ్లింది. ప్రకటనకర్తలు మండిపడ్డారు. ఏడున్నర లక్షల డాలర్ల ప్రకటనలు పోయాయని లోయిస్ తర్వాత చెప్పారు. అయినా హేస్ ఆయన్ని వదులుకోలేదు. విలువలంటే ఏమిటో తెలిసేది ఇలాంటి చోటే. పోయిన డబ్బు లెక్క చూసుకున్నాక కూడా మర్నెల్లో అదే మనిషికి అట్ట అప్పగించారా లేదా అన్నది చూడాలి.

1968 ఏప్రిల్ సంచిక అట్ట మరింత గొప్పది. అంతకు ఏడాది ముందు ముహమ్మద్ అలీ వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నాడు. చాంపియన్ పట్టం లాగేశారు, బాక్సింగ్ లైసెన్సు లాగేశారు, కోర్టు అయిదేళ్ల శిక్ష వేసింది. అప్పీలు మీద బయట ఉన్నాడు గానీ రింగులోకి దిగే దారి లేదు. లోయిస్‌కు సెయింట్ సెబాస్టియన్ చిత్రం గుర్తొచ్చింది. నమ్మకం వదులుకోనందుకు ఒళ్లంతా బాణాలు దిగిన క్రైస్తవ సాధువు ఆయన. తెల్లటి నిక్కరు, తెల్లటి బూట్లు వేసుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, తల కాస్త పక్కకు వాల్చి అలీ అలా నిలబడాలి.

స్టూడియోకు వచ్చాక అలీకి సందేహం పట్టుకుంది. తను ముస్లిం, క్రైస్తవ సాధువుగా ఎలా నిలబడేది? ఫొటో తీయడం ఆగిపోయింది. మతగురువు ఎలైజా ముహమ్మద్‌కు అక్కణ్నుంచే ఫోన్ చేశాడు. ఆయనతో లోయిస్ కూడా మాట్లాడారు. అనుమతి వచ్చాకే ఫొటోగ్రాఫర్ కార్ల్ ఫిషర్ పని మొదలుపెట్టారు. బాణాలు ఒంటికి అంటిస్తే బరువుకు కిందికి వాలిపోతున్నాయి. పైనుంచి సన్నటి దారాలతో కట్టి నిలిపారు. అవి కదలకుండా అలీ బిగబట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ మధ్యలోనే ఒక్కో బాణాన్నీ చూపిస్తూ అలీ ఒక్కో పేరు పెట్టాడని లోయిస్ చెప్పేవారు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఉపాధ్యక్షుడు హంఫ్రీ, రక్షణ మంత్రులు మెక్‌నమారా, క్లిఫర్డ్, విదేశాంగ మంత్రి డీన్ రస్క్, సేనాని వెస్ట్‌మోర్లండ్. బాణాలు ఆరు, పేర్లు ఆరు.

అలీని పత్రిక వాడుకుందా అంటే వాడుకుంది. సంచిక అమ్ముడుపోవాలి, చర్చ జరగాలి. కానీ అడిగి వాడుకుంది. అతని మతం అడ్డొస్తే ఆగింది. తను ఏ అర్థంతో నిలబడుతున్నాడో అలీకి తెలుసు, ఆ అర్థానికి తన వంతు కూడా చేర్చాడు. మూడేళ్ల తర్వాత, 1971 జూన్‌లో, సుప్రీంకోర్టు అతని శిక్షను కొట్టేసింది. అట్ట వల్ల కొట్టేసిందని కాదు. దేశంలో ఎక్కువమంది అతన్ని ద్రోహి అంటున్న రోజున ఒక పత్రిక తనెటు నిలబడిందో ఆ ఫొటో చెబుతుంది.

ఎస్క్వైర్ 1966 అక్టోబరు అట్టకు మరో రకం గౌరవం దక్కాలి. శిక్షణ శిబిరం నుంచి వియత్నాం దాకా ఒక సైనిక దళంతో ప్రయాణించిన జాన్ శాక్ రాసిన సుదీర్ఘ కథనం ఆ సంచికలో ఉంది. అందులో ఒక చిన్నపిల్ల చనిపోయింది. నల్లటి అట్ట మీద తెల్లటి అక్షరాలతో, తాము చంపింది పసిపిల్లనని తెలిసిన సైనికుడి కేక ఒక్కటే వేశారు. బొమ్మ లేదు. చనిపోయిన పాప ముఖం చూపకుండానే పాఠకుడి గుండె పట్టేయవచ్చని ఆ అట్ట రుజువు చేసింది.

అదే పత్రిక, అదే లోయిస్ 1970 నవంబరులో తూకం తప్పారు. వియత్నాంలోని మై లై గ్రామంలో జరిగిన ఊచకోత కేసులో నిందితుడైన లెఫ్టినెంట్ కాలీని ఆసియా పిల్లల మధ్య కూర్చోబెట్టి, నవ్వుతున్నట్టుగా ఫొటో వేశారు. అమెరికా మొహాన కొట్టినట్టుండాలన్నది వారి ఆలోచన. ఆ దెబ్బ తగిలిన మాట నిజమే. కానీ ఆ పిల్లలు అక్కడ ఎందుకు కూర్చున్నారో వాళ్లకేం తెలుసు? అలీని అడిగినట్టు వాళ్లను అడగగలిగేవారా? ధైర్యం ఉన్న పత్రిక కూడా తన ధైర్యానికి ఎవరి ముఖాన్ని సాధనం చేసుకుంటోందో చూసుకోవాలి.

ఎనిమిది చేతులు

1972 వసంతంలో న్యూయార్క్ నుంచి 'మిజ్' పత్రిక తొలి సంచిక వచ్చింది. పెళ్లయిందో లేదో చెప్పకుండా స్త్రీని గౌరవంగా పిలిచే పిలుపే దాని పేరు. మిరియం వోస్క్ గీసిన ఆ ముఖచిత్రం తెలుగు ఇళ్లలో పెరిగినవారు చూడగానే పోల్చుకోగలిగేలా ఉంటుంది. నీలి రంగు స్త్రీ, ఎనిమిది చేతులు. అమ్మవారి చేతుల్లో ఆయుధాలు ఉండాల్సిన చోట ఇస్త్రీ పెట్టె, వేపుడు పెనం, టైప్‌రైటర్, టెలిఫోన్, కారు స్టీరింగు, గడియారం, అద్దం, దుమ్ము దులిపే కుచ్చు ఉన్నాయి. కడుపులో బిడ్డ కనిపిస్తోంది. చెంపల మీద కన్నీళ్లు.

సంపాదకురాలు గ్లోరియా స్టైనెమ్ 1950ల చివర్లో ఇండియాలో ఉండి వెళ్లారు. అమెరికాలో స్త్రీల పత్రిక అట్ట మీద ఎవరిని వేయాలి? తెల్ల స్త్రీని వేస్తే నల్ల స్త్రీలు తమది కాదనుకుంటారు. నీలి రంగు ఏ జాతిదీ కాదు, అందుకే ఆ రంగు తమ చిక్కు తీర్చిందని స్టైనెమ్ తర్వాత చెప్పారు. పరాయి దేశపు దేవతా రూపాన్ని తీసుకోవడం సబబేనా అని ఈనాటి పాఠకులు అడగవచ్చు, అడగాలి కూడా. అయితే ఆ బొమ్మలో వెక్కిరింత లేదు. అన్ని చేతులున్నా సరిపోని పని ఉంది, ఆ పనికి ఏడుపు ఉంది. అది ఏ దేశపు ఇంట్లోనైనా నిజమే.

మూడు లక్షల ప్రతులు ఎనిమిది రోజుల్లో అయిపోయాయి. లోపలి పేజీలు అట్ట కంటే మెత్తగా లేవు. గర్భస్రావం చాలా రాష్ట్రాల్లో ఇంకా నేరంగా ఉన్న ఆ రోజుల్లో, తాము చేయించుకున్నామంటూ 53 మంది స్త్రీలు పేర్లు పెట్టి సంతకాలు చేసిన ప్రకటన ఆ సంచికలోనే అచ్చయింది. 1976 ఆగస్టులో భర్త చేతుల్లో దెబ్బలు తినే భార్యల కథనాన్ని అట్టకెక్కించారు. అందమైన ముఖాలతో నిండిన దుకాణాల్లో కమిలిన చెంపతో ఒక స్త్రీ ముఖం వేలాడింది.

దీనికి మూల్యం చెల్లించాల్సి వచ్చింది. దాన్ని స్టైనెమ్ 1990లో స్వయంగా ఒక వ్యాసంలో రాశారు. సోవియట్ యూనియన్ నుంచి బహిష్కరణకు గురైన స్త్రీవాదులతో మిజ్ చేసిన కథనానికి పత్రికా రంగంలో మంచి పేరొచ్చింది, బహుమతీ వచ్చింది. రెవ్లాన్ కంపెనీ నుంచి మాత్రం ప్రకటనలు రాలేదు. అట్ట మీది సోవియట్ స్త్రీలు మేకప్ వేసుకోలేదన్నదే ఆ కంపెనీ అభ్యంతరమని ఆమె రాశారు. దేశం విడిచి వెళ్లాల్సి వచ్చిన స్త్రీల ముఖాల్లో లిప్‌స్టిక్ వెతికిన ఈ ఒక్క ఉదంతం చాలు, అట్ట మీద స్త్రీ ముఖం ఎందుకు ఎప్పుడూ ఒకేలా ఉంటుందో తెలియడానికి. ఆ వ్యాసం వచ్చిన 1990లోనే మిజ్ ప్రకటనలు పూర్తిగా మానేసి చందాదారుల డబ్బుతో నడవడం మొదలుపెట్టింది.

పేర్లు చెప్పిన పత్రిక, చెప్పని పత్రిక

1969 జూన్ 27 నాటి లైఫ్ వారపత్రిక అట్ట మీద ఒక్క యువకుడి ముఖం. ఏ హంగూ లేని బొమ్మ. ఒక్క వారంలో వియత్నాంలో చనిపోయిన 242 మంది అమెరికా సైనికుల పేర్లు, ఊళ్లు లోపల వరుసగా ఇచ్చారు. దొరికినంత వరకు ఫొటోలూ వేశారు. ఎక్కువ భాగం స్కూలు పుస్తకాల్లోనివీ, యూనిఫాంలో తీయించుకున్నవీ. వ్యాఖ్య దాదాపు లేదు. అప్పటిదాకా యుద్ధాన్ని అంకెల్లో చదివిన ఇళ్లకు ఆ వారం ముఖాలు వచ్చాయి.

అట్ట మౌనంగా ఉన్నా పత్రిక మాట్లాడిన సందర్భం కూడా ఒకటుంది. 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ అట్ట మీద ఎండాకాలపు పార్కు, ఆటలాడుకునే జనం. లోపల మొత్తం సంచిక ఒకే కథనం: అణుబాంబు పడ్డ హిరోషిమాలో బతికి బయటపడ్డ ఆరుగురి గురించి జాన్ హెర్సీ రాసింది. కొట్లలో అమ్మే ప్రతులకు, లోపల ఏముందో చెప్పే తెల్లకాగితం పట్టీ చుట్టాల్సి వచ్చింది. అట్ట మీద ఏడుపు పెట్టి లోపల ఏమీ చెప్పని పత్రికల కంటే ఇది ఎంతో నయం.

ఇక పేరు చెప్పని పత్రిక. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ అట్టను చూడనివారు తక్కువ. ఎర్రటి చిరుగుల శాలువా, ఆకుపచ్చ కళ్లు, కెమెరాలోకి సూటిగా చూసే అఫ్గాన్ బాలిక. పాకిస్తాన్‌లో పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ తీసిన ఫొటో. సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో ఉన్న కాలంలో శరణార్థుల కష్టానికి ఆ ముఖమే గుర్తయింది. పోస్టర్లయింది, విరాళాల పిలుపయింది. పదిహేడేళ్ల పాటు ఆమె పేరు మాత్రం ప్రపంచానికి తెలియదు. 2002లో మెకరీ బృందం వెతుక్కుంటూ వెళ్లి కనిపెట్టింది. ఆమె షర్బత్ గులా. అప్పటిదాకా ఆ ఫొటోను ఆమె చూడనే లేదు.

కథ అక్కడితో ఆగలేదు. 2016లో నకిలీ గుర్తింపు కార్డుతో ఉన్నారని పాకిస్తాన్ అధికారులు ఆమెను అరెస్టు చేసి దేశం దాటించారు. ఆ వార్త ప్రపంచమంతా పాకడానికి కారణం కూడా ఆ పాత అట్టే. కాబూల్‌లో ప్రభుత్వం ఇల్లిచ్చింది. 2021లో తాలిబన్లు మళ్లీ వచ్చాక ఇటలీ ఆశ్రయమిచ్చింది. ఆమె ముఖం మేలూ చేసింది, కీడూ చేసింది. తన ముఖం లోకంలో ఏం చేస్తోందో ఆమెకు తెలియని ఆ పదిహేడేళ్లను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

నేషనల్ జియోగ్రాఫిక్ తన గతాన్ని తనే తవ్వి చూపించిన సందర్భం కూడా చెప్పాలి. 2018 ఏప్రిల్ సంచికను జాతి అనే అంశానికి కేటాయించింది. 1888లో పుట్టిన ఆ పత్రికకు తొలి మహిళా సంపాదకురాలు సుసాన్ గోల్డ్‌బర్గ్. వర్జీనియా విశ్వవిద్యాలయ చరిత్రకారుడు జాన్ ఎడ్విన్ మేసన్ చేతికి పాత సంచికలన్నీ ఇచ్చి పరిశీలించమన్నారు. ఆయనకు కనిపించిందేమిటి? ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల మనుషులు ఆ పేజీల్లో దశాబ్దాల పాటు అర్ధనగ్న అద్భుతాలుగానో, అమాయక వేటగాళ్లుగానో ఉన్నారు. ఆస్ట్రేలియా ఆదివాసులను తెలివిలో అందరికంటే అడుగున ఉన్నవారిగా 1916లో ఒక ఫొటో కింద రాసేశారు. దశాబ్దాల పాటు తమ రాతలు జాత్యహంకారంతో ఉన్నాయని గోల్డ్‌బర్గ్ సంపాదకీయంలోనే ఒప్పుకున్నారు. ఆ సంచిక ముఖచిత్రానికి విమర్శలు వచ్చాయి, అది వేరే చర్చ. తప్పును ఎక్కడో మూల సవరణ పెట్టెలో కాక సంచిక మొదట్లోనే పెట్టిన తీరు మరిన్ని పత్రికలకు అలవాటైతే బాగుండును.

ముక్కు, మోచెయ్యి

టైమ్ 2010 ఆగస్టు 9 సంచిక అట్ట మీద పద్దెనిమిదేళ్ల అఫ్గాన్ అమ్మాయి. నల్లని జుట్టు, నిలకడైన చూపు, ముక్కు ఉండాల్సిన చోట గాయపు గుంత. అత్తింటి నుంచి పారిపోయినందుకు భర్త కోసేశాడు. దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ జోడీ బీబర్ తీసిన ఈ ఫొటోకు వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం వచ్చింది. బీబర్ ఆ అమ్మాయిని జాలి పుట్టించే బాధితురాలిలా తీయలేదు. తల ఎత్తి, ఠీవిగా కూర్చున్న యువతిలా తీశారు. ఫొటోలో తప్పు లేదు. దాని పక్కన వేసిన శీర్షికే గొడవ. అఫ్గానిస్తాన్‌ను మనం వదిలేసి వస్తే ఏమవుతుందో చూడండన్నట్టుగా ఉంది, చివర ప్రశ్నార్థకం కూడా లేకుండా. ఆమె ముక్కు కోసింది అమెరికా సేనలు అక్కడ ఉండగానే కదా అని విమర్శకులు వెంటనే ఎత్తిచూపారు. ఆమె బాధ ఆమెది. దాన్ని అడ్డం పెట్టి చేసిన వాదం పత్రికది. అట్ట మీద ఈ రెండూ కలిసిపోయాయి.

2018 జులైలో అదే పత్రిక, సరిహద్దులో ఏడుస్తున్న హోండురాస్ పసిపాప ఫొటోను కత్తిరించి, ఎర్రటి నేపథ్యంలో అధ్యక్షుడు ట్రంప్ ఎదుట నిలబెట్టింది. తల్లుల నుంచి పిల్లల్ని విడదీసే విధానం మీద దేశమంతా రగిలిపోతున్న వారం అది. ఆ పాపను మాత్రం తల్లి నుంచి విడదీయలేదని కొన్నాళ్లకే తేలింది. వేలమంది పిల్లల విషయంలో నిజమైన ఘోరాన్ని, ఒక్క పాప విషయంలో సరిచూసుకోకపోవడం వల్ల, అబద్ధమని కొట్టిపారేయడానికి ఎదుటివారికి అవకాశం దొరికింది.

వీటి మధ్యలో, 2017 డిసెంబరులో, టైమ్ చేసిన ఒక అట్ట చాలా ఆలోచించి చేసినది. పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి నోరువిప్పిన స్త్రీలను ఆ ఏటి వ్యక్తులుగా ఎంచుకుంది. నటి ఆష్లీ జడ్, గాయని టేలర్ స్విఫ్ట్‌ల పక్కన స్ట్రాబెర్రీ తోటలో కూలి చేసే స్త్రీ కూడా నిలబడ్డారు, అసలు పేరు కాకుండా మారుపేరుతో. కుడి వైపు అంచులో ఒక మోచెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ఆ చెయ్యి ఒక ఆస్పత్రి ఉద్యోగినిది. ముఖం చూపిస్తే బతుకు తెరువుకు ఇబ్బంది. కాబట్టి చూపలేదు, అలాగని ఆమెను పక్కకు తప్పించనూ లేదు. ముఖం చూపలేని వేలమందికి ఆ మోచెయ్యి పక్కన చోటు దొరికింది.

గృహలక్ష్మి కేసు

మన దేశంలో ఇటీవలి అట్టల్లో పెద్ద గొడవ రేపింది మలయాళ పక్షపత్రిక గృహలక్ష్మి. మాతృభూమి సంస్థ నడిపే ఆ పత్రిక 2018 మార్చిలో బిడ్డకు పాలిస్తున్న స్త్రీని ముఖచిత్రంగా వేసింది. అలా చూడకండి, మేం పాలివ్వాలి అని కేరళ తల్లులు అడుగుతున్నట్టుగా శీర్షిక. నటి, మోడల్ గిలు జోసెఫ్ ఫొటోకు నిలబడ్డారు. నుదుట సింధూరం, మెడలో తాళి. ఆమెకు పెళ్లి కాలేదు, ఆ బిడ్డ ఆమె బిడ్డ కాదు. అశ్లీలమంటూ కేసు పడింది.

కేరళ హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి ఆంటొనీ డొమినిక్, జస్టిస్ దామా శేషాద్రి నాయుడుల ధర్మాసనం విచారించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తి అయి కేరళకు బదిలీ మీద వెళ్లిన తెలుగువారు శేషాద్రి నాయుడు. ఎంత ప్రయత్నించినా ఆ బొమ్మలో తమకు అశ్లీలం కనిపించలేదని ధర్మాసనం తేల్చింది. రవివర్మ చిత్రాలను, అజంతా కుడ్యచిత్రాలను గుర్తుచేస్తూ, చూసేవారి కంటిని బట్టే అశ్లీలం ఉంటుందన్న అర్థంలో కేసు కొట్టేసింది.

న్యాయస్థానం చెప్పింది సరైనదే. అయినా చట్టానికి సంబంధం లేని మరో ప్రశ్న మిగులుతుంది. దాన్ని అడిగినవారిలో స్త్రీలే ఎక్కువ. బస్సులో, ఆస్పత్రి వరండాలో, పొలం గట్టు మీద కొంగు చాటున బిడ్డకు పాలిచ్చే తల్లులు లక్షల మంది ఉండగా మోడల్ ఎందుకు? గిలు జోసెఫ్ పూర్తి ఇష్టంతో, తెలిసి నిలబడ్డారు. తిట్లన్నీ తనే భరించారు. ఆమె ధైర్యానికి వంక పెట్టలేం. కానీ నిజమైన తల్లి ఒకరు పేరుతో, ఊరితో అట్ట మీదికి వచ్చి ఉంటే ఆ శీర్షికలోని అడగడం తల్లులదే అయ్యేది. అలంకరణ, తాళి, వెలుగు అన్నీ కుదిర్చిన ఆ బొమ్మలో పత్రిక ధైర్యం, పత్రిక మార్కెట్ లెక్క రెండూ కనిపిస్తాయి.

ఢిల్లీ శివార్లలోని టిక్రీ సరిహద్దులో సాగు చట్టాలను వ్యతిరేకిస్తూ ధర్నా చేస్తున్న మహిళా రైతులను టైమ్ అంతర్జాతీయ సంచిక 2021 మార్చిలో ముఖచిత్రంగా వేసినప్పుడు ఈ లోటు లేదు. కనిష్క సొంథాలియా తీసిన ఆ ఫొటోలో ఉన్నవారు నెలల తరబడి అక్కడ కూర్చున్న స్త్రీలే, వారి పిల్లలే. తమను బెదిరించలేరు, కొనలేరు అన్న మాట కూడా ఉద్యమంలోంచి వచ్చిందే. వ్యవసాయం అనగానే తలపాగా మగవాడి బొమ్మ వేసే అలవాటును ఆ ఒక్క అట్ట పక్కకు నెట్టింది.

మన అట్టలు

గృహలక్ష్మి అన్న పేరుతోనే 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి తెలుగులో స్త్రీల పత్రిక నడిపారు. రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించారు. 1934లో మొదటిది అందుకున్నది కనుపర్తి వరలక్ష్మమ్మ. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు పత్రికల అట్టలంటే వడ్డాది పాపయ్య (వపా), బాపు. చందమామ, యువ అట్టల మీద వపా రంగులను చూసి, అట్ట చింపి ఫ్రేము కట్టించుకున్న ఇళ్లున్నాయి. ఆ అందం మీద ప్రేమ తెలుగు పాఠకులకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గనక్కర్లేదు. అయితే ఆ అట్టల మీది స్త్రీ ఎక్కువగా నాయిక, దేవత, లేదా పండగ రోజు ఇల్లాలు. బీడీలు చుట్టే స్త్రీ, నాట్లు వేసే స్త్రీ, మగ్గం పక్కన నూలు చుట్టే స్త్రీ తమ పేరుతో, తమ ముఖంతో వచ్చింది అరుదు. ఆ తర్వాత సినిమా తారల ఫొటోలు వచ్చి ఆ కాస్త చోటూ తీసుకున్నాయి.

ఆ ఖాళీని చిన్న పత్రికలు గుర్తించాయి. కారంచేడులో దళితుల మారణకాండ తర్వాత దళిత ఉద్యమం నుంచి బొజ్జా తారకం సంపాదకత్వంలో నలుపు వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకిన మరుసటి ఏడాది, 1993లో, స్త్రీవాద పత్రిక భూమిక మొదలైంది. ఇలాంటి పత్రికలకు ఖరీదైన ఆర్ట్ పేపరు, రంగుల అచ్చు పెట్టుకునే స్తోమత తక్కువ. వాటికి మనుషుల సాయమే ఆస్తి. చిత్రకారుడు మోహన్ పత్రికలకు, ప్రజాసంఘాల పోస్టర్లకు, పుస్తకాలకు అడిగినవారికల్లా బొమ్మలు వేసి ఇస్తూ గడిపారు. 2017లో ఆయన పోయినప్పుడు తెలుగు ఉద్యమాలు తమ ముఖచిత్రకారుణ్నే పోగొట్టుకున్నాయి.

ఇప్పుడు అట్టను దుకాణంలో కంటే ఫోన్‌లో చూసేవారే ఎక్కువ. బొటనవేలంత చదరంలో ముఖం గుర్తుపట్టాలి కాబట్టి తెలిసిన ముఖమే కావాలంటున్నారు లేఅవుట్ గదుల్లో. కృత్రిమ మేధతో చిటికెలో తయారయ్యే రైతు, చిటికెలో తయారయ్యే బాధితురాలు కూడా అందుబాటులోకి వచ్చేశారు. అడగక్కర్లేదు, పేరు రాయక్కర్లేదు, ఎదురు ప్రశ్న వేయరు. సమస్య మీద ముఖచిత్రం వేసి, ఆ సమస్యతో బతుకుతున్న మనిషిని మాత్రం తప్పించుకునే దారి ఇంత సులువు ఎప్పుడూ కాలేదు. అందుకే ఈ దారి పట్టకూడదు.

చేయాల్సిన పనికి పెద్ద ఖర్చు లేదు. చాలా పత్రికల విషయసూచిక పేజీలో అడుగున చిన్న అక్షరాలతో ముఖచిత్రం వివరాలు ఉంటాయి. మోడల్ అయితే పేరు, ఫొటో తీసినవారి పేరు, ఒక్కోసారి చీరలిచ్చిన దుకాణం పేరు. అట్ట మీద ఉన్నది మిర్చి యార్డు కూలీ అయినా, చేనేత కార్మికురాలయినా ఆ వరుసలో ఆమె పేరు, ఊరు కూడా అచ్చు కావాలి. చెబితే ఆమెకు ముప్పనుకుంటే, ఎందుకు చెప్పలేదో ఒక్క ముక్క రాయాలి. ఫొటో తీసేటప్పుడే అది అట్ట మీదికి వెళ్తుందని, పక్కన ఫలానా శీర్షిక ఉంటుందని చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. సంచిక మార్కెట్లోకి వెళ్లిన రోజే ఒక ప్రతి ఆమె చిరునామాకు పోస్టులో వెళ్లాలి.